వెలుగుకు వన్‌వే

లేజర్‌కు అన్నిటికంటే పెద్ద శత్రువు తన వెలుగే. ముందుకు పంపిన వెలుగులో ఏ కాస్త వెనుదిరిగి వచ్చి లోపల దూరినా దాని పని చెడిపోతుంది. రంగు నిలకడ తప్పుతుంది, తీవ్రత ఎగుడుదిగుడవుతుంది, సంకేతం నిండా రొద చేరుతుంది. వెలుగు వెనక్కి రావాలంటే ఎదురుగా అద్దమే ఉండనక్కరలేదు. ఆప్టికల్ ఫైబర్ చివర గాజు ముగిసి గాలి మొదలయ్యే చోట కూడా దాదాపు మూడున్నర శాతం వెలుగు వెనక్కి మళ్లుతుంది. అందుకే దూరప్రాంతాలకు సమాచారం పంపే లేజర్ల ముందు ఒక చిన్న గొట్టం లాంటి పరికరాన్ని అమరుస్తారు. పేరు ఐసొలేటర్. వెళ్లే వెలుగును పోనిస్తుంది, వచ్చే వెలుగును ఆపేస్తుంది. దాని కడుపులో ఒక గార్నెట్ స్ఫటికం, దాని చుట్టూ ఒక అయస్కాంతం ఉంటాయి.

ఆ అయస్కాంతం అక్కడ ఎందుకుండాలి? అది లేకుండా పని జరగదా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుతూ పోతే పంతొమ్మిదో శతాబ్దపు లండన్ ప్రయోగశాల నుంచి నేటి సిలికాన్ చిప్పుల దాకా వస్తాం. మధ్యలో బెంగళూరు, వాల్తేరు కూడా తగులుతాయి.

వెలుగుకు దిక్కుల పట్ల పక్షపాతం లేదు. కిటికీ సందులోంచి నాకు నువ్వు కనిపిస్తే, నీకూ నేను కనిపిస్తాను. మధ్యలో ఎన్ని అద్దాలు, కటకాలు, మసకబారిన గాజులు అడ్డుపెట్టినా అంతే. ఇక్కడి దీపం నుంచి అక్కడికి వెలుగులో ఎన్నో వంతు చేరుతుందో, దీపాన్ని అక్కడికి మారిస్తే ఇక్కడికీ సరిగ్గా అంతే వంతు చేరుతుంది. దీన్నే పరస్పరత అంటారు. డచ్చి శాస్త్రవేత్త హెండ్రిక్ లోరెంజ్ 1896లో విద్యుదయస్కాంత తరంగాలకు దీన్ని గణితపరంగా నిరూపించాడు. పోలీసులు నిందితుల్ని ప్రశ్నించే గదిలో పెట్టే అద్దం ఒకవైపు నుంచే కనబడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ అద్దం రెండు వైపులా ఒకే పాళ్లలో వెలుగును వదులుతుంది. ఒక గదిలో దీపాలు ఎక్కువ, రెండో గదిలో తక్కువ, అంతే తేడా. దీపాలు తారుమారు చేస్తే చూసేవాళ్లు, కనబడేవాళ్లు కూడా తారుమారవుతారు.

ఈ సూత్రం ఎంత గట్టిదో పరిశోధకులే ఒక్కోసారి మరిచిపోతారు. 2011లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. వెలుగు నడిచే సన్నని సిలికాన్ దారి మీద ఇటు ఒక తీరుగా, అటు మరో తీరుగా కనిపించే గాట్లు చెక్కి, అయస్కాంతం లేకుండానే వెలుగును ఏకదిశలో నడిపామన్నారు. మరుసటి ఏడాది అదే పత్రికలో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త షాన్‌హుయ్ ఫాన్, మరికొందరు కలిసి బదులిచ్చారు. ఆ పరికరంలో వెలుగు ఒక ఆకృతిలోంచి మరో ఆకృతిలోకి మారుతోంది. ముందుకు ఒక ఆకృతిని పంపి, వెనక్కి వేరే ఆకృతిని పంపి పోల్చారు కాబట్టి తేడా కనిపించింది. వచ్చిన వెలుగును వచ్చినట్టే వెనక్కి తిప్పితే అది మొదలుపెట్టిన చోటికే చేరుతుంది. లోరెంజ్ సిద్ధాంతానికి ఏ ఢోకా లేదు. ఈ చర్చ ఎంత అవసరమైందంటే, 2013లో ఏది ఐసొలేటర్, ఏది కాదు అని తేల్చిచెప్పడానికే కొందరు కలిసి నేచర్ ఫోటానిక్స్‌లో వ్యాసం రాయాల్సి వచ్చింది. నా దృష్టిలో ఈ రంగానికి జరిగిన గొప్ప మేళ్లలో అదొకటి. ఆకారాన్ని ఎంత వంకరగా చెక్కినా సరే, పదార్థమూ దాని గుణాలూ నిశ్చలంగా ఉండి, అయస్కాంత క్షేత్రం లేకుండా, పడిన వెలుగు తీవ్రతకు తగ్గట్టు గుణం మార్చుకోకుండా ఉన్నంతకాలం వెలుగు రెండు దిక్కులనూ సమంగానే చూస్తుంది.

అయస్కాంతం ఈ సమానత్వాన్ని ఎలా భగ్నం చేస్తుందో మైకేల్ ఫారడే 1845 సెప్టెంబరు 13న చూశాడు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన గాలి మీద, రకరకాల గాజుల మీద ప్రయత్నించి ఏమీ కనిపించక, చివరికి ఎప్పుడో తానే తయారుచేసి పెట్టుకున్న బరువైన సీసపు గాజును తీశాడు. దాన్ని విద్యుదయస్కాంతం పక్కన ఉంచి అందులోంచి ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే వెలుగును పంపాడు. అయస్కాంతం పనిచేసినప్పుడు ఆ కంపన తలం కొంచెం తిరిగింది. వెలుగుకూ అయస్కాంతత్వానికీ చుట్టరికం ఉందని ప్రపంచానికి తెలిసిన మొదటి సందర్భం అదే.

ఇందులో అసలు కీలకం తలం తిరగడం కాదు. చక్కెర నీళ్లు కూడా కంపన తలాన్ని తిప్పుతాయి. అయితే చక్కెర నీళ్లలోంచి వెళ్లిన వెలుగును అద్దంతో వెనక్కి పంపితే, తిరిగిందంతా వెనక్కి తిరిగి మొదటి స్థితికే వస్తుంది. ఫారడే గాజులో అలా జరగదు. తలం ఎటు తిరగాలో వెలుగు దిశ నిర్ణయించదు, అయస్కాంత క్షేత్రం దిశ నిర్ణయిస్తుంది. కాబట్టి పోతూ తిరిగిన వైపే వస్తూ కూడా తిరుగుతుంది, కోణం రెట్టింపవుతుంది.

ఈ రెట్టింపునే వాడుకోవచ్చని లార్డ్ రేలీ 1885లో గుర్తించాడు. ముందు నిలువుగా కంపించే వెలుగును మాత్రమే వదిలే ఒక పోలరైజర్ పెట్టండి. దాని తర్వాత తలాన్ని సరిగ్గా 45 డిగ్రీలు తిప్పే ఫారడే గాజు, ఆ తర్వాత 45 డిగ్రీలు వాల్చిన రెండో పోలరైజర్ పెట్టండి. వెళ్లే వెలుగు నిలువుగా మొదలై, 45 డిగ్రీలు తిరిగి, రెండో పోలరైజర్ దాటుకుని హాయిగా బయటపడుతుంది. వెనక్కి వచ్చేది 45 డిగ్రీల వాలుతో లోపలికి వచ్చి, మరో 45 డిగ్రీలు అదే వైపుకు తిరిగి, మొదటి పోలరైజర్ దగ్గరికి చేరేసరికి అడ్డంగా, 90 డిగ్రీలతో ఉంటుంది. అక్కడ దారి మూసుకుపోతుంది. నూట నలభై ఏళ్లు గడిచినా లేజర్ ముందు ఉండే గొట్టంలో జరిగేది ఇదే.

ఈ ఆలోచన ఆ రోజుల్లో ఒక పెద్ద అనుమానాన్ని లేపింది. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న రెండు వస్తువుల మధ్య ఇలాంటి పరికరం పెడితే, మొదటిదాని వేడి కిరణాలు రెండోదానికి చేరతాయి, రెండోదాని కిరణాలు మొదటిదానికి చేరవు. అప్పుడు ఒకటి ఊరికే వేడెక్కుతూ, మరొకటి ఊరికే చల్లబడుతూ పోవాలి. ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం దాన్ని ఒప్పుకోదు. రేలీ 1901లో నేచర్ పత్రికలో దీనికి సమాధానం రాశాడు. పోలరైజర్ వద్దన్న వెలుగు మాయమైపోదు, పక్కదారిలో బయటికి వెళ్తుంది. ఆ పక్కదారి గుండా లోపలికి వచ్చే వెలుగు కూడా ఉంటుంది. ఆ రాకపోకలన్నీ కలిపి లెక్క రాస్తే ఖాతా సరిపోతుంది. అంటే వెలుగును ఒక దిక్కున ఆపాలంటే ఆపిన వెలుగు పోవడానికి మరో దారి చూపించి తీరాలి. ఈ షరతు నుంచి ఏ ఐసొలేటర్‌కూ మినహాయింపు లేదు, తర్వాత వచ్చిన కొత్త రకాలకూ లేదు.

అయస్కాంతం ఇంత చక్కగా పనిచేస్తుంటే దాన్ని వదిలించుకోవాలని తాపత్రయం ఎందుకు? ఎందుకంటే వెలుగును నడిపే పని ఇప్పుడు చిప్ మీదికి వచ్చేసింది. లేజర్, మాడ్యులేటర్, డిటెక్టర్ అన్నీ గోరంత సిలికాన్ పలక మీద అమరుతున్నాయి. ఐసొలేటర్ మాత్రం ఆ పలక మీదికి ఎక్కనంటోంది. ఇట్రియం ఐరన్ గార్నెట్ స్ఫటికంలో పరమాణువుల అమరిక 12.38 ఆంగ్‌స్ట్రామ్‌లకోసారి పునరావృతమవుతుంది, సిలికాన్‌లో 5.43కే. ఒకదాని మీద ఒకటి సాఫీగా పెరగదు. వేడికి వ్యాకోచించే తీరులు కూడా వేరు కాబట్టి బలవంతాన పెంచినా పగుళ్లిస్తుంది. పైగా వెలుగు పౌనఃపున్యాల దగ్గర ఈ పదార్థాల అయస్కాంత ప్రభావం బలహీనం, తలం 45 డిగ్రీలు తిరగాలంటే పొడవు కావాలి. అతివాహక క్వాంటం కంప్యూటర్లలో ఇబ్బంది మరో రకం. అక్కడ మైక్రోవేవ్ సంకేతాలను ఒకే దిక్కున నడిపే ఫెర్రైట్ సర్క్యులేటర్లు బరువుగా, పెద్దగా ఉంటాయి. వాటిలోని అయస్కాంతం దగ్గరికి వస్తే ఆ కంప్యూటర్ల మూల ఘటకాలైన సున్నితమైన క్యూబిట్లు చెడతాయి కనుక దూరంగా, కవచం కట్టి ఉంచాలి.

అయస్కాంత క్షేత్రం అసలు చేస్తున్నదేమిటని లోతుగా చూస్తే దానికి ప్రత్యామ్నాయం దొరుకుతుంది. వెలుగు ప్రయాణాన్ని సినిమా రీలులా వెనక్కి తిప్పినప్పుడు అయస్కాంతాన్ని కూడా తిప్పితేనే, అంటే దాని ఉత్తర దక్షిణాలు మార్చితేనే, రీలు నిజమైన భౌతిక ఘటనగా కనిపిస్తుంది. మనం వెలుగును తిప్పుతున్నాం, అయస్కాంతాన్ని తిప్పడం లేదు. పరస్పరత అక్కడ తెగుతోంది. మరి కాలాన్ని వెనక్కి తిప్పితే గుర్తు మార్చుకునేవి ఇంకేమున్నాయి? అన్నిటికంటే తేలికైన జవాబు వేగం. కదిలే ప్రతిదీ, రీలు తిప్పితే ఎదురు దిశలో కదులుతుంది. కాబట్టి కదిలే పదార్థం కూడా వెలుగుకు దిక్కుల మధ్య తేడా చూపించగలదు.

ఇదీ పాత సంగతే. ఫ్రాన్స్‌లో ఇప్పొలైట్ ఫీజో 1851లో గొట్టాల్లో సెకనుకు 7 మీటర్ల వేగంతో నీళ్లు పారించి, ప్రవాహంతో పాటు వెళ్లే వెలుగునూ ఎదురెళ్లే వెలుగునూ పోల్చాడు. ప్రవాహంతో పోయేది కొంచెం ముందుగా చేరింది. ఎంత ముందుగా? నిలకడ నీళ్లలో వెలుగు సెకనుకు రెండు లక్షల పాతికవేల కిలోమీటర్లు పోతుంది. పారే నీళ్లు దానికి కలిపిన అదనపు వేగం సెకనుకు దాదాపు 3 మీటర్లు. ఆ తేడాను పట్టుకోవడమే ఫీజో ప్రతిభ. అయితే దాంతో ఐసొలేటర్ కట్టలేం. ఏ పదార్థాన్ని ఎంత వేగంగా తోసినా వెలుగు ముందు అది నత్తే.

ఇక్కడే అసలు మలుపు. పదార్థం కదలాల్సిన అవసరం లేదు, దాని గుణం కదిలితే చాలు. గాజు ఉన్నచోటే ఉంటుంది. దాని వక్రీభవన గుణకం మాత్రం ఒకచోట పెరిగి, ఆ పక్కన తగ్గి, ఆ పెరుగుదల తగ్గుదలల వరుస అల మాదిరిగా ముందుకు సాగుతుంది. ఈ అల ఏ వస్తువునూ మోసుకుపోదు కాబట్టి దాని వేగానికి హద్దు కూడా లేదు. వెలుగు వేగాన్ని అందుకోవచ్చు, దాటవచ్చు కూడా.

అలాంటి కదిలే నమూనాను మొట్టమొదట చేతికందించింది శబ్దం. ద్రవంలోంచి అతిధ్వని తరంగం వెళ్తే ఒత్తిడి పెరిగినచోట గుణకం పెరుగుతుంది, తగ్గినచోట తగ్గుతుంది. నీళ్లలో శబ్దవేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. సెకనుకు కోటి కంపనాల శబ్దాన్ని పంపితే 150 మైక్రాన్లకొక అల ఏర్పడుతుంది. దాని మీద అడ్డంగా వెలుగు పడితే అది పలు కిరణాలుగా చీలుతుంది. చీలిన కిరణాల మధ్య కోణం పావు డిగ్రీకన్నా తక్కువ, అయినా తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. 1932లో అమెరికాలో డిబై, సియర్స్, ఫ్రాన్స్‌లో లూకా, బికార్ దీన్ని చూశారు. దాని పూర్తి సిద్ధాంతం మాత్రం మన దగ్గర పుట్టింది. బెంగళూరులో సి.వి. రామన్, ఎన్.ఎస్. నాగేంద్రనాథ్ కలిసి 1935, 1936 సంవత్సరాల్లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో వరుస వ్యాసాలుగా దాన్ని ప్రచురించారు.

ఆ వరుసలో మూడో వ్యాసం మన కథకు ప్రాణం. శబ్ద తరంగం కదులుతోంది కాబట్టి చీలిన వెలుగు కేవలం పక్కకు తిరగడమే కాదు, దాని పౌనఃపున్యం కూడా మారుతుందని అందులో చూపారు. శబ్దం వెళ్లే వైపు ఒరిగిన కిరణం ధ్వని పౌనఃపున్యమంత పైకి జరుగుతుంది, ఎదురువైపు ఒరిగినది అంత కిందికి జరుగుతుంది. వెలుగు కదిలే నమూనాతో లావాదేవీ జరిపితే శక్తి, ద్రవ్యవేగం రెండూ మారతాయి, ఆ మార్పు నమూనా వెళ్లే దిశను బట్టి ఉంటుంది. ఎనభై ఏళ్ల తర్వాత చిప్పుల మీద కట్టిన పరికరాలన్నీ ఈ ఒక్క వాస్తవం మీదే నిలబడ్డాయి. 1940ల్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, బి. రామచంద్రరావు ఇదే దారిలో మరింత ఎక్కువ పౌనఃపున్యాల శబ్దంతో ప్రయోగాలు చేశారు. ఆగిరిపల్లిలో పుట్టి, రామన్ దగ్గర పనిచేసి వచ్చిన భగవంతం సమరూపత గురించి ఎంతో ఆలోచించిన మనిషి. టి. వెంకటరాయుడుతో కలిసి భౌతిక సమస్యలకు సమూహ సిద్ధాంతాన్ని వాడడం గురించి ఇంగ్లీషులో పుస్తకమే రాశాడు. శబ్దమూ వెలుగూ కలిసే చోటును తెలుగునేల మీద అంత దగ్గరగా చూసినవాళ్లున్నారని తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

కదలని వస్తువులతో కదిలే నమూనా ఎలా దిక్కు చూపిస్తుందో లెక్కతో చూద్దాం. విజయవాడ బందరు రోడ్డు లాంటి తిన్నని రోడ్డు మీద అర కిలోమీటరు దూరంలో రెండు ట్రాఫిక్ సిగ్నళ్లు ఉన్నాయనుకోండి. వాహనాలన్నీ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లతో పోతున్నాయి. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు 50 సెకన్లు. ప్రతి సిగ్నల్ 100 సెకన్లు పచ్చగా, 100 సెకన్లు ఎర్రగా ఉంటుంది. రెండూ ఒకేసారి మారితే ఏమవుతుంది? మొదటి సిగ్నల్ దాటినవాళ్లలో సగం మంది రెండోదాన్ని దాటుతారు, సగం ఆగుతారు. ఎదురు నుంచి వచ్చేవాళ్లకూ ఇంతే. దిక్కుల మధ్య తేడా లేదు.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేద్దాం. రెండో సిగ్నల్ మొదటిదానికన్నా 50 సెకన్లు ఆలస్యంగా మారుతుంది. మొదటిది సున్నా నుంచి 100 సెకన్ల దాకా పచ్చ, రెండోది 50 నుంచి 150 దాకా పచ్చ. మొదటిదాన్ని దాటినవాళ్లంతా 50 నుంచి 150 సెకన్ల మధ్య రెండోదాని దగ్గరికి చేరతారు. ఒక్కరూ ఆగరు. ఎదురు దిశలో వచ్చేవాళ్లు రెండోదాన్ని 50, 150 సెకన్ల మధ్య దాటి, 100 నుంచి 200 సెకన్ల మధ్య మొదటిదాన్ని చేరతారు. ఆ వంద సెకన్లూ అది ఎర్రగానే ఉంటుంది. ఒక్కరూ దాటరు. సిగ్నల్ స్తంభాలు కదల్లేదు, రోడ్డు వాలలేదు, ఒక్క సిగ్నల్‌కైనా ఇటు వచ్చేదెవరో అటు వెళ్లేదెవరో తెలియదు. దిక్కును సృష్టించింది కేవలం ఆ 50 సెకన్ల తేడా. చోటు మారేకొద్దీ సమయం కూడా ఒక పద్ధతిలో మారడం, అంతే.

కొలంబియా విశ్వవిద్యాలయంలో హరీష్ కృష్ణస్వామి బృందం రేడియో తరంగాలకు సరిగ్గా ఇదే చేసింది. మామూలు మొబైల్ చిప్పులు తయారయ్యే సీమాస్ పద్ధతిలోనే, రెండు చోట్ల ట్రాన్సిస్టర్ స్విచ్చులు పెట్టి, పావు ఆవర్తనం, అంటే ఒక పూర్తి చక్రంలో నాలుగో వంతు సమయం తేడాతో నడిపారు. 2016లో 750 మెగాహెర్ట్జ్ దగ్గర, 2017లో 25 గిగాహెర్ట్జ్ దగ్గర అయస్కాంతం లేని సర్క్యులేటర్ చూపించారు. వాళ్ల పరికరంలో ఎర్ర సిగ్నల్ పడిన తరంగం ఆగిపోదు, రెండో దారిలోకి మళ్లుతుంది. రేలీ చెప్పిన షరతు అలా తీరుతుంది. దీనివల్ల ఒకే యాంటెన్నాతో, ఒకే పౌనఃపున్యం మీద, ఏకకాలంలో పంపడమూ అందుకోవడమూ వీలవుతుంది. తాను గట్టిగా అరుస్తూనే దూరాన వినిపించే గుసగుసను వినడం లాంటి కష్టమైన పని అది, మామూలు రేడియోలు చేయలేవు.

రేడియోకు కుదిరింది వెలుగుకు అంత తేలిగ్గా కుదరదు. ఫైబర్లలో వాడే 1,550 నానోమీటర్ల వెలుగు సెకనుకు 193 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. మనం విద్యుత్తుతో ఒక పదార్థం గుణకాన్ని మార్చగలిగే వేగం మహా అయితే సెకనుకు కొన్ని వేల కోట్ల సార్లు. వెలుగు వేల సార్లు ఊగేలోపు మన సిగ్నల్ ఒక్కసారి మారుతుంది. ఆ మార్పు కూడా పిసరంతే. సిలికాన్‌లోకి విద్యుదావేశాలను పంపితే గుణకం పదివేలలో ఒక వంతు మేర మారుతుందనుకుంటే, వెలుగు దశలో అర తరంగం తేడా తేవడానికి దాదాపు 8 మిల్లీమీటర్ల పొడవు కావాలి. సెకనుకు వంద కోట్ల సార్లు మారే స్విచ్చులు వాడితే, పావు ఆవర్తనం ఆలస్యానికి చిప్ లోపల వెలుగుకు రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ దారి వేయాలి. చిప్ మీద రెండు సెంటీమీటర్లంటే పెద్ద ఎస్టేటే.

కాబట్టి వెలుగుకు వేరే ఉపాయం కావాల్సి వచ్చింది. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో జాంగ్‌ఫు యూ, షాన్‌హుయ్ ఫాన్ దాన్ని ప్రతిపాదించారు. సన్నని సిలికాన్ దారిలో వెలుగు తన ఇష్టం వచ్చినట్టు ఉండలేదు. ఒక్కో పౌనఃపున్యానికి కొన్ని ద్రవ్యవేగాలు మాత్రమే చెల్లుతాయి. ఆ దారిలో గుణకపు అల ముందుకు సాగుతోందనుకుందాం. అలతో పాటు వెళ్లే వెలుగు దాని నుంచి ఒక ముద్ద శక్తినీ, ముందు దిశలో ఒక ముద్ద ద్రవ్యవేగాన్నీ తీసుకుంటుంది. ఈ రెండూ కలిపిన తర్వాత అది చేరిన చోట చెల్లుబాటయ్యే స్థితి ఒకటి ఉండేలా దారి వెడల్పును ముందే లెక్కకట్టి పెడతారు. వెలుగు హాయిగా ఆ కొత్త స్థితిలోకి దూకుతుంది, రంగూ ఆకృతీ రెండూ మారతాయి. వెనక్కి వచ్చే వెలుగుకు కూడా అల అంతే శక్తిని ఇస్తుంది. కాని అల ఇచ్చే ద్రవ్యవేగం ఎదురు దిశలోది. రెండూ కలిపితే చేరేచోట ఏ స్థితీ లేదు. దూకడానికి అవతలి గట్టు లేక వెలుగు తన దారిన తాను మారకుండా వెళ్లిపోతుంది. ఒక దిక్కు వెలుగు మారింది, మరో దిక్కు వెలుగు మారలేదు. మారినదాన్ని వడగట్టేస్తే ఐసొలేటర్ సిద్ధం.

2012లో కార్నెల్‌లో మిహాల్ లిప్సన్ బృందం ఫాన్, యూలతో కలిసి దీన్ని నిజంగా సిలికాన్ మీద చేసి చూపించింది. దారి పొడవునా డయోడ్లను వరుసగా పేర్చి, వాటికి పంపే విద్యుత్ సంకేతాల్లో క్రమమైన తేడా పెట్టారు. ఫలితం బలహీనమే, నష్టమూ చాలా ఎక్కువ. కాని కేవలం విద్యుత్తుతో, సిలికాన్ మీదే వెలుగుకు దిక్కు తెలిసేలా చేయవచ్చని మొదటిసారి కళ్లముందు కనిపించింది.

ద్రవ్యవేగం దగ్గరే శబ్దం మళ్లీ రంగంలోకి వచ్చింది. సెకనుకు వంద కోట్ల కంపనాల మైక్రోవేవ్ చిప్ మీద చాలా సెంటీమీటర్ల పొడవుంటుంది, దాని దగ్గర ఇవ్వడానికి ద్రవ్యవేగం పెద్దగా ఉండదు. అంతే పౌనఃపున్యం గల శబ్దం నెమ్మదిగా, సెకనుకు కొన్ని కిలోమీటర్లే పోతుంది. దాని అల కొన్ని మైక్రాన్లే ఉంటుంది, వెలుగు అలతో సరితూగేంత. కాబట్టి కొద్దిపాటి శక్తితో పెద్ద ద్రవ్యవేగాన్ని అందించగలదు. 2018లో యేల్ విశ్వవిద్యాలయంలో పీటర్ రాకిచ్ బృందం సిలికాన్‌లో, ఇలినాయ్‌లో గౌరవ్ బహల్ బృందం అల్యూమినియం నైట్రైడ్‌లో శబ్ద తరంగాలతో వెలుగును ఏకదిశలో మార్చి చూపాయి. రామన్, నాగేంద్రనాథ్ ద్రవంలో లెక్కగట్టినదే ఇప్పుడు వెంట్రుకకన్నా సన్నని దారిలో పనికొచ్చింది.

గుండ్రంగా తిరిగే నమూనాలతో మరో శాఖ పెరిగింది. 2014లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆండ్రియా ఆలు, రోమన్ ఫ్లూరీ తదితరులు ఒక ఉంగరం లాంటి గొట్టంలో చిన్న ఫ్యాన్లతో గాలిని తిప్పి, శబ్దాన్ని ఒక తలుపు నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి మాత్రమే పోయేలా చేశారు. వెనక్కి పోయే శబ్దం 40 డెసిబెల్స్ దాకా, అంటే పదివేలలో ఒక వంతుకు తగ్గింది. అదే ఏడాది అదే బృందం గాలికి బదులు మూడు రెజొనేటర్లను, అంటే తమకు నచ్చిన పౌనఃపున్యానికే గట్టిగా స్పందించే వలయాలను, ఒకదాని వెనక ఒకటిగా, మూడో వంతు ఆవర్తనం తేడాలతో ఊగించి రేడియో తరంగాలకు అదే ఫలితం సాధించింది.

ఇప్పటిదాకా నాకు అన్నిటికంటే నచ్చిన పరికరం 2023లో హార్వర్డ్‌లో మార్కో లొంచార్ బృందం పలుచటి లిథియం నియోబేట్ పొర మీద కట్టినది. విద్యుత్ క్షేత్రం తగిలితే చాలు ఈ స్ఫటికం గుణకం మారుతుంది. వెలుగు దారికి సమాంతరంగా మైక్రోవేవ్‌ను పంపి, దాని వేగాన్ని వెలుగు వేగంతో సరిపోల్చారు. మైక్రోవేవ్‌తో కలిసి నడిచే వెలుగు దారి పొడవునా అల తాలూకు ఒకే భాగం పక్కన ఉంటుంది. అందువల్ల మార్పు కూడుతూ కూడుతూ పెరుగుతుంది. అది ఒక మోతాదుకు చేరాక అసలు రంగులోని వెలుగంతా పక్క రంగుల్లోకి చెదిరి, అసలు రంగు దాదాపు ఖాళీ అవుతుంది. మైక్రోవేవ్‌కు ఎదురు నడిచే వెలుగుకు అల శిఖరాలూ లోయలూ మార్చిమార్చి తగులుతాయి. ఒకటి ఇచ్చింది మరొకటి తీసేసుకుంటుంది, చివరికి లెక్క సున్నా. గరిష్ఠంగా 48 డెసిబెల్స్ ఐసొలేషన్ వచ్చింది. ఆపాల్సిన దిక్కులో అరవై వేలలో ఒక వంతు కన్నా తక్కువ వెలుగు దాటిందన్నమాట. చిప్ మీద వెళ్లే దిక్కులో నష్టం అర డెసిబెల్, అంటే నూటికి పదకొండు వంతులు. మార్కెట్లో దొరికే అయస్కాంతపు ఐసొలేటర్ల పక్కన పెట్టి చూడదగ్గ అంకెలివి.

వెలుగును ఒకే దిక్కున నడపడం లేజర్ల రక్షణతో ఆగిపోయే సంగతి కాదు. ఏ వస్తువు ఎంత బాగా వేడి కిరణాలను పీల్చుకుంటుందో అంతే బాగా విడుదల చేస్తుందని కిర్కాఫ్ పంతొమ్మిదో శతాబ్దంలో చెప్పాడు. దిక్కు దిక్కుకూ విడివిడిగా ఈ లెక్క చెల్లడానికి పరస్పరతే కారణం. సౌర ఫలకం సూర్యుడి వెలుగును ఎంత బాగా పీల్చుకుంటుందో, అంత బాగా కొంత వెలుగును తిరిగి సూర్యుడి వైపే పంపి తీరాలి. ఎన్ని పొరల సెల్స్ పేర్చినా ఈ నష్టం వల్ల సామర్థ్యం సిద్ధాంతరీత్యా 86.8 శాతం దాటదు. పరస్పరతను భగ్నం చేసి, ఆ తిరుగు వెలుగును సూర్యుడికి కాకుండా పక్కనున్న మరో సెల్‌కు మళ్లిస్తే హద్దు 93.3 శాతానికి పెరుగుతుంది. లాండ్స్‌బర్గ్ హద్దు అంటారు దాన్ని. 2016లో ఆలు బృందం గుణాలను స్థలకాలాల్లో ఊగించే ఒక రేడియో యాంటెన్నా కట్టింది. అది తాను ప్రసారం చేసే దిక్కు నుంచి వచ్చే సంకేతాన్ని మాత్రం బాగా అందుకోదు. ఉష్ణ కిరణాలకు ఇదే చేయడం ఇంకా ఎంతో కష్టం, ఎందుకంటే వాటి పౌనఃపున్యాలు రేడియో తరంగాలకన్నా వేల రెట్లు పెద్దవి. అంత వేగంగా మారగల పదార్థాల వేటలో ఇండియం టిన్ ఆక్సైడ్ ముందుంది. మన ఫోన్ల తెరల మీద పారదర్శకంగా ఉండే విద్యుత్ పొర అదే. 2023లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో రికార్డో సపియెంజా బృందం దాన్ని తీవ్రమైన లేజర్ పల్సుతో తట్టి, కొన్ని ఫెమ్టోసెకన్లలోనే దాని పరావర్తనాన్ని మార్చి చూపింది. వెలుగు తరంగం ఒకసారి ఊగడానికి పట్టేంత సమయమే అది.

ఇన్ని దారులు తెరుచుకున్నా ఒక విషయంలో అయస్కాంతాన్ని ఓడించడం ఇంకా కుదరలేదు. అయస్కాంతం కరెంటు అడగదు. ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి తన పని తాను చేసుకుపోతుంది. స్థలకాలాల్లో ఊగే పదార్థాన్ని మాత్రం క్షణక్షణం ఊగిస్తూనే ఉండాలి, దానికి మైక్రోవేవ్ జనరేటర్ కావాలి, ఆంప్లిఫయర్ కావాలి, వాటి వేడి పోవడానికి ఏర్పాటు కావాలి. లేజర్ పక్కనే ఆ వేడి పుడితే లేజర్ రంగు మళ్లీ జారుతుంది. ఖర్చు తగ్గించడానికి వెలుగును ఉంగరం లాంటి రెజొనేటర్‌లో వేలసార్లు తిప్పుతారు. ప్రతి చుట్టులోనూ కొంచెం కొంచెం మార్పు చేరుతుంది కనుక తక్కువ విద్యుత్తుతో పని జరుగుతుంది. 2021లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్, అమెరికాలోని పర్డ్యూ పరిశోధకులు సిలికాన్ నైట్రైడ్ ఉంగరం చుట్టూ మూడు పీజోఎలక్ట్రిక్ పలకలు పెట్టి, మూడో వంతు ఆవర్తనం తేడాలతో నొక్కుతూ ఇలాంటిదే కట్టారు. వెళ్లే దిక్కులో నష్టం చాలా తక్కువ. కాని ఉంగరం ఇష్టపడే రంగు చాలా ఇరుకైనది, లేజర్ రంగు దానికి సరిగ్గా కుదిరి ఉన్నంతసేపే అది అడ్డుకుంటుంది. విద్యుత్తు పొదుపు చేస్తే రంగుల వెడల్పు పోతుంది, వెడల్పు కావాలంటే విద్యుత్తు పెరుగుతుంది. ఈ రెండింటినీ ఒకే చిప్ మీద కలిపి సాధించే పని మీదే ఇప్పుడు చాలా ప్రయోగశాలలు కూర్చుని ఉన్నాయి.